గూడ్సుకు కిటికీలుండవు

సన్మానం అంటే సూర్యానికి ఒళ్ళుమంట. ఎయిర్ మార్షల్‌గా పదవి దిగి పదిహేడేళ్ళయింది. ఈ పదిహేడేళ్ళలో ఆయన తప్పించుకున్న శాలువాలన్నీ పోగేస్తే ఒక మోస్తరు బట్టలకొట్టు తెరవొచ్చు. పుణెలో చిన్న ఇల్లు, పొద్దున నడక, సాయంత్రం పేపరు, భార్య మీనాక్షి పెట్టే చీవాట్లు. ఇవి చాలనుకునే మనిషి. అలాంటివాడు బిలాస్‌పూర్ నుంచి ఫోను రాగానే పెట్టె సర్దమన్నాడంటే మీనాక్షి ముందు నమ్మలేదు.

ఫోను చేసినవాడు అక్కడి ఆంధ్ర సమాజం కార్యదర్శి రమణబాబు. డిసెంబరు పదహారు విజయదినం కదా, డెబ్భైఒకటి యుద్ధంలో విమానం నడిపిన వీరుడు మన రైల్వే కాలనీలో పుట్టిన బిడ్డే కదా, ఆ రోజు తమరు రావాలి, నాలుగు ముక్కలు చెప్పాలి అన్నాడు. సూర్యం అన్నీ విని ఒక్కటే అడిగాడు.

"స్టీముషెడ్డులో ఫైర్‌మేన్‌గా చేసిన అప్పలకొండ అని ఒకాయన ఉండాలి. నాకు సిగ్నలు కేక నేర్పినాయన. ఉన్నాడా?"

"ఎందుకు లేరు సార్! ఉన్నారు. స్టేజీ మీద మీ పక్కనే కూర్చోబెడతాం."

రమణబాబు మంచివాడే గాని, మాట ఇవ్వడానికి ఉన్న తొందర కనుక్కోవడానికి ఉండదు. సింహాచలం చుట్టుపక్కల నుంచి తాతల కాలంలో రైలు పనికి వచ్చి స్థిరపడ్డ జనం అది. అప్పన్న మీద భక్తి కొద్దీ మూడిళ్ళకొక అప్పలకొండ ఉంటాడు. ఎవరు ఎవరో తెలియడానికి పేరు ముందు పనిచేసిన చోటు తగిలిస్తారు. షెడ్డు అప్పలకొండ, కేబిను అప్పలకొండ, కేరేజీ అప్పలకొండ. ఈ సంగతి రమణబాబుకీ తెలుసు. తెలిసే పొరపాటు చేశాడు.

సూర్యం మాత్రం ఆ పేరు కోసం యాభైనాలుగేళ్ళుగా ఒక మాట దాచుకుని ఉన్నాడు. మనిషి చేసిన మేలుకు దండం పెట్టడానికి అంతకాలం పడుతుందా అని మీరు అడగొచ్చు. మీనాక్షి కూడా అడిగింది. రెండుసార్లు ఉత్తరం రాశాడు, క్వార్టరు మారిపోయిందని రెండూ తిరిగొచ్చాయి. తర్వాత స్క్వాడ్రన్, తర్వాత స్టేషను, తర్వాత ఒక కమాండంతా ఆయన నెత్తిమీదికొచ్చింది. తీరికలేదు అనేది పెద్ద ఉద్యోగాలవాళ్ళు తమకు తాము చెప్పుకునే అబద్ధం. ఆ అబద్ధం తనూ చెప్పుకున్నానని సూర్యానికి తెలుసు. డెబ్భైయేడేళ్ళొచ్చాయి, ఆ మనిషికి ఎనభైఅయిదు ఉంటాయి. ఇద్దరిలో ఎవరు ముందు బండెక్కినా ఆ మాట అలాగే మిగిలిపోతుంది. ఆయనకు భయం వేసింది, అంతే. యుద్ధంలో కూడా అంత భయం వేయలేదు.

రెండు విమానాలు మారి బిలాస్‌పూర్ విమానాశ్రయమున్న చకర్‌భాటాలో దిగాడు. రమణబాబు పూలగుత్తితో ఎదురొచ్చాడు. కారులో కూర్చున్న దగ్గర్నుంచి సభ గురించి చెబుతూనే ఉన్నాడు. సూర్యం కిటికీలోంచి చూస్తూ, చలికాలపు ఎండలో ఆరబోసిన వడ్లు, సైకిళ్ళు, కొత్త షోరూములు దాటుకుంటూ తన పదహారో ఏటికి వెళ్ళిపోయాడు.

అప్పట్లో వాళ్ళ నాన్న షెడ్డులో ఫిట్టరు. పక్క క్వార్టరులో అప్పలకొండ. ఇరవైనాలుగేళ్ళవాడు, బొగ్గు పారతో పుట్టాడా అన్నట్టుండేవాడు. సూర్యం సైన్యం పరీక్ష రాశాడని, విమానాలు నడుపుతానంటున్నాడని కాలనీ అంతా నవ్వితే అప్పలకొండ మాత్రం నవ్వలేదు.

"విమానం నడుపుతానంటన్నావు. ముందు ఇంజనెక్కి నీ కళ్ళు నిలబడతాయో నేదో సూసుకో," అని ఒక ఆదివారం తెల్లవారాక గూడ్సు ఇంజను మీదికి ఎక్కించాడు. రూలు ప్రకారం అది తప్పే. డ్రైవరు చూసి చూడనట్టు బీడీ ముట్టించుకున్నాడు.

దగ్గర్లోని కోటా స్టేషను దాకా వెళ్ళారు. ఒక పక్క కొలిమి, ఒక పక్క చలిగాలి, కాళ్ళకింద ఇనుము ఊగుతోంది. సిగ్నలు స్తంభం దూరాన కనబడగానే అప్పలకొండ పార ఆపి, బయటికి వంగి, "ఔటర్ వాలింది!" అని కేక పెట్టేవాడు. డ్రైవరు అటునుంచి "వాలింది!" అని మళ్ళీ అనేవాడు. స్టేషను బయటి సిగ్నలు, ఔటర్, చెయ్యి కిందికి వాలిస్తే బండికి దారిచ్చినట్టు. ప్రతి సిగ్నలుకూ అదే తంతు. రెండు గంటలు చూసి చూసి సూర్యానికి నవ్వొచ్చింది.

"ఇద్దరికీ కనిపిస్తన్నాది కదన్నా. అరవడం దేనికి?"

అప్పలకొండ చెమట తుడుచుకుని చెప్పిన జవాబు సూర్యం జీవితంలో విన్న పాఠాలన్నిటిలోకీ చిన్నది. "కన్ను సూసింది బుర్రకి సేరిందో నేదో నోటికే తెలుస్తాదిరా. నోటితో సెప్పనిది సూడనట్టే లెక్క."

కారు రైల్వే ఇన్‌స్టిట్యూట్ ముందు ఆగింది. హాల్లో మూడువందలమంది దాకా ఉన్నారు. ముందు వరసలో ముసలివాళ్ళు మఫ్లర్లతో, వెనక వరసల్లో పిల్లలు సెల్‌ఫోన్లతో. స్టేజీ మీద సూర్యం కుర్చీ పక్కనే తెల్లటి ఇస్త్రీ పంచెలో ఒక వృద్ధుడు బిగదీసుకుని కూర్చుని ఉన్నాడు. పెళ్ళికొడుకుని తెచ్చినట్టు తెచ్చి కూర్చోబెట్టారు. సూర్యం ఆయన ముఖం పోల్చుకుందామని చూశాడు. అరవై ఏళ్ళు దాటితే ముఖాలేం మిగులుతాయి? కళ్ళు, ముక్కు, అన్నీ ఎవరివైనా కావచ్చు.

దండలు పడ్డాయి. రమణబాబు మైకు దగ్గర వీరుడు, శూరుడు అంటున్నాడు. సూర్యం ఆ సందులో పక్కకు వంగి, మెల్లిగా, పాత గొంతుతో, "ఔటర్ వాలింది!" అన్నాడు.

ముసలాయన చేతులు జోడించాడు. "అంతా తమరి దయ బాబూ," అన్నాడు.

సూర్యం వెనక్కి వాలాడు. ఇంజను ఫుట్‌ప్లేటు మీద బతికినవాడు ఆ కేక వింటే మళ్ళీ అనకుండా ఉండలేడు. ఎవరైనా తుమ్మితే చిరంజీవ అన్నట్టు, అది ఆలోచించి అనేది కాదు. ఈయన ఆయన కాదు. ఇన్నాళ్ళు మోసుకొచ్చిన మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగింది. మింగలేడు, కక్కలేడు.

మూడువందలమంది ముందు ఒక ముసలాయన్ని పట్టుకుని నువ్వెవరని అడగడం సూర్యానికి చేతకాని పని. మైకు ఇచ్చాక రెండు నిమిషాలు మాట్లాడాడు. ఈ ఊరి బొగ్గుపొడి పీల్చి పెరిగానని, అది మంచే చేసిందని, ఇక్కడి మనుషులు నేర్పినదే తిని బతికానని చెప్పాడు. పక్కాయన మెడలో తన దండే తీసి వేశాడు. జనం చప్పట్లు కొట్టారు. యుద్ధం గురించి గంటసేపు చెబుతాడనుకున్న రమణబాబు ముఖం మాడిపోయింది.

పకోడీలు, టీ దగ్గర గుంపు కమ్ముకుంది. నీలం చొక్కా యూనిఫారంలో ఒక అమ్మాయి ఆ గుంపును భుజంతో తోసుకుంటూ వచ్చింది. పాతికేళ్ళుంటాయి. భుజాన డ్యూటీ సంచి.

"సర్, ఏక్ మినిట్. నా పేరు శ్వేత. ఇక్కడే అసిస్టెంట్ లోకో పైలట్. స్టేజీ మీద ఉన్న తాత మీరు అడిగిన తాత కాదు సర్. ఆయన కేరేజీ అప్పలకొండ. బోగీలు బాగుచేసేవారు. మీరు అడిగింది మా తాతని."

"మీ తాతకి నా సంగతి చెప్పలేదా మరి?"

"రమణబాబు అంకుల్ వచ్చి పిలిచారు సర్. తాతే అన్నారు, నేను కాదు, మా తమ్ముడు వరస కేరేజీ అప్పలకొండని తీసుకెళ్ళు అని. అంకుల్ అచ్ఛా అని తీసుకొచ్చేశారు. ఎందుకలా అన్నారో డ్యూటీలో పాతవాళ్ళ నోట విన్నాను. గాని ఆయనే చెప్పాలి, నేను చెప్పకూడదు." ఆ పిల్ల గడియారం చూసుకుంది. "నాకు మూడింటికి గూడ్సు ఉంది. ఇప్పుడు బయల్దేరితే తోర్వాలో మా ఇంటి దగ్గర దింపేసి డ్యూటీకి పోతాను. స్కూటీ మీద కూర్చుంటారా సర్?"

శబ్దం కన్నా వేగంగా ఎగిరిన మనిషి స్కూటీ చూసి ఒక్క క్షణం జంకాడు. తర్వాత ఎక్కి కూర్చున్నాడు. వెనక రమణబాబు "సార్, కారుంది, భోజనాలున్నాయి" అంటూ మెట్లు దిగుతుంటే చెయ్యి ఊపాడు.

దారిలో కూడలి దగ్గర స్కూటీ ఆగింది. శ్వేత ఎదురుగా దీపం చూస్తూ, ఎవరితోనూ కాకుండా, "రెడ్," అంది.

"రెడ్," అన్నాడు సూర్యం వెనకనుంచి.

ఆ పిల్ల మెడ తిప్పి చూసింది. దీపం మారింది. "గ్రీన్." "గ్రీన్." ఇంక తోర్వా దాకా ఎన్ని కూడళ్ళొస్తే అన్నిసార్లు ఇద్దరూ అనుకుంటూనే పోయారు. సూర్యానికి మనసు తేలికైంది. ఇది సరైన ఇల్లే, సందేహం లేదు.

తోర్వాలో ఆ ఇల్లు రైలు పట్టాలకు వీపు ఆనించినట్టు ఉంది. పెరట్లో నులకమంచం. మంచం మీద ముసలి అప్పలకొండ, ఎండకు కాళ్ళు చాపుకుని, కళ్ళకు దళసరి అద్దాలు పెట్టుకుని. శ్వేత గుమ్మంలోంచే, "తాతా, సూర్యం సార్‌ని తెచ్చేశాను. తిట్టాలంటే రాత్రికి తిట్టు, నాకు లేటయింది," అని స్కూటీ తిప్పుకుని వెళ్ళిపోయింది. లోపలినుంచి అప్పలకొండ కూతురు, శ్వేత తల్లి సౌభాగ్య కొంగు సర్దుకుంటూ వచ్చి కుర్చీ వేసి, అన్నం పెడతానంటూ మళ్ళీ లోపలికి పోయింది.

ముసలాయన మంచం దిగబోయాడు. "బాబుగారూ, తమరెందుకొచ్చినారు ఇక్కడికి? ఎవులో పొరబడి సెప్పుంటారు. నాను కాదు బాబూ. అప్పలకొండలు సాలామందున్నారు."

"కొండన్నా, నాను సూర్యాన్ని. ఫిట్టరు కొడుకుని." ఆ యాస తన నోట్లోంచి ఎలా వచ్చిందో సూర్యానికే తెలియదు. ఢిల్లీలో, పుణెలో దాన్ని ఎక్కడో మడిచి పెట్టేశాననుకున్నాడు. "కోటా దాకా ఇంజనెక్కించినావు. మర్సిపోనావేటి?"

ముసలాయన చేత్తో నులక తడుముతూ కూర్చున్నాడు. "మర్సిపోనేదు," అన్నాడు చివరికి. "మర్సిపోతే బాగున్ను. రమణబాబు ఏటన్నాడో తెలుసునా? సూర్యం సారుకి సిగ్నలు కేక నేర్పినోడు నువ్వేనట, అందుకు దండేస్తారట అన్నాడు. ఆ దండ నాకెయ్యకూడదు బాబూ. అందుకే కేరేజీవోడిని పంపినాను. ఆడైతే ఏ తప్పూ సెయ్యనేదు."

"నువ్వేం తప్పు చేశావు?"

అప్పలకొండ చెప్పాడు. ముప్ఫైఆరేళ్ళుగా ఇంట్లోవాళ్ళతోనూ చెప్పనిది, కాళ్ళవైపు చూస్తూ చెప్పాడు. అప్పటికి ఆవిరి పోయి కరెంటు ఇంజన్లొచ్చాయి, ఆయన డ్రైవరయ్యాడు. అసిస్టెంటు పేరు రాజేంద్ర. అన్నదమ్ముల్లా ఉండేవాళ్ళు. ఒకరోజు కోటాలో బండి ఆగినప్పుడు రాజేంద్ర నీళ్ళకు దిగాడు. అతని క్యారేజీలో ఎండు నెత్తళ్ళ కూర ఉంది. అప్పలకొండ మూత తీసి రుచి చూశాడు. రుచి చూసి చూసి గిన్నె ఖాళీ చేశాడు. రాజేంద్ర వచ్చి చూసి ఒక్కమాట తూలాడు. అప్పలకొండ రెండు తూలాడు. బండి కదిలేసరికి ఇద్దరికీ మాటల్లేవు.

"సెరువు మీద అలిగినోడి సామెత ఉన్నాది కదా, అలగయ్యింది. ఆడు అటు కిటికీ కాడ, నాను ఇటు కిటికీ కాడ. ముందు స్టేషనుకి ఎర్రదీపం. ఆడు సూసినాడు. నానూ సూసినాను. ఆడే ముందు పిలవాల అని నాను, ఈడే అడగాల అని ఆడు. సూసింది నోట్లోకి రానేదు, సెయ్యి బ్రేకు మీదికి పోనేదు. నాలుగు బోగీల మేర ఎర్రదీపం దాటీసినాను. అవతలనుంచి పాసింజరు వొస్తన్నాది. ఆ డ్రైవరు దేవుడులాటోడు, ఆపుకున్నాడు. ఎవులికీ గీత కూడా పడనేదు. గాని నాను బండి దిగిపోయినాను. మళ్ళీ ఎక్కనివ్వనేదు. రిటైరయ్యేదాకా షెడ్డులో ఎవులు ఏ బండికెల్లాలో పేర్లు రాసినాను." ఆయన అద్దాలు తీసి పంచె అంచుతో తుడిచాడు. "రాజేంద్ర తరవాత కలిసిపోనాడు. సౌభాగ్య పెళ్ళిలో ఆడే వడ్డించినాడు. గాని నాకు నాను కలవనేదు. నీకు నేర్పినోడే నేర్పింది సెయ్యనేదు. ఎండు సేపకి అమ్ముడైపోనాడు. ఆడికి దండేటి?"

పట్టాల మీద ఒక బండి పోయింది. అది పోయేదాకా ఇద్దరూ ఆగారు. రైలు పక్కన బతికేవాళ్ళకు అది అలవాటు, మాట మధ్యలో ఆపి మళ్ళీ అక్కడినుంచే అందుకుంటారు.

"కొండన్నా," అన్నాడు సూర్యం, కుర్చీ మంచం దగ్గరికి లాక్కుని. "నువ్వు కేక పెట్టని రోజున ఏటయ్యిందో నీకు తెలుసు. నువ్వు పెట్టిన కేకలవల్ల ఏటయ్యిందో నీకు తెలీదు. అది సెప్పడానికే వచ్చాను. ఆపకుండా విను."

యుద్ధం మొదలైన మూడోనాడు. సూర్యం అప్పటికి ఇరవైమూడేళ్ళ ఫ్లయింగ్ ఆఫీసరు. ఒంటిమనిషి నడిపే హంటర్ విమానం, రెక్కలకింద రాకెట్లు. శత్రువు మందుగుండు రైళ్ళలో తరలిస్తున్నాడు, పట్టాలు పట్టుకుని పొండి, దొరికిన దాన్ని కొట్టండి అన్నది ఉత్తర్వు. ముందు విమానంలో లీడరు, వెనక విమానంలో సూర్యం. పొగమంచు ఇంకా విడలేదు. ఎండ ఎదురుగా కొడుతోంది. పట్టాల మీద రెండు రైళ్ళు, ఒకదాని వెనక ఒకటి. ముందుది నాది, వెనకది నీది అని రేడియోలో చెప్పి లీడరు కిందికి దూకాడు. క్షణంలో ముందు రైలు పేలింది. మందుగుండే. ఆ పొగ చూసి సూర్యానికి ఒళ్ళు పొంగింది. తన వంతు వచ్చింది.

"కిందికి దిగుతున్నాను. వేలు మీట మీద ఉంది. నాలుగు లెక్కపెట్టేంతలో నొక్కాలి. ఇది గూడ్సే అని కన్ను చెబుతోంది, ఎందుకంటే ముందుది గూడ్సు కదా. కాని నాకు నీ జబ్బు పట్టింది, కొండన్నా. ట్రైనింగులో ఉన్నప్పటినుంచీ చూసిందల్లా పైకి అనడమే. మా వాళ్ళు నవ్వేవారు, రేడియో నొక్కకుండా లోపల లోపల మన భాషలో అరుచుకుంటాడని. ఆ రోజు కూడా అరిచాను. ఇంజను అన్నాను. వెనక బొగ్గు టెండరు అన్నాను. తర్వాత నా నోరు ఏమందో తెలుసా? కిటికీలు అంది."

అప్పలకొండ తల ఎత్తాడు.

"కిటికీలు," అన్నాడు సూర్యం మళ్ళీ. "కన్ను చూస్తూనే ఉంది, బుర్రకు ఎక్కలేదు. నోరు చెప్పాక ఎక్కింది. గూడ్సుకు కిటికీలుండవు కదన్నా. నువ్వూ నేనూ పుట్టినప్పటినుంచీ చూస్తున్నదే కదా. వేలు తీసేశాను. ఆ రైలు నెత్తిమీదినుంచి పోయాను. అప్పుడు కనిపించారు జనం. కిటికీల్లో, గుమ్మాల్లో, పైకప్పు మీద. మూటలు, పిల్లలు. ఊళ్ళు ఖాళీ చేసి పారిపోతున్నవాళ్ళు. ఒక ఆడమనిషి ఎర్రచీర కట్టుకుని బోగీ మీద కూర్చుని ఉంది, ఒళ్ళో పిల్లని పొట్టకు అదుముకుని పైకి చూసింది. ఆ చూపు ఇప్పటికీ నాకు తెలుసు."

రాకెట్లు అలాగే తెచ్చాడు. ఎందుకు తెచ్చావని కమాండింగ్ ఆఫీసరు అడిగితే, కిటికీలున్నాయి సార్ అన్నాడు. ఆయన ఒక నిమిషం చూసి, వెళ్ళి పడుకో అన్నాడు. ఆ తర్వాత యుద్ధంలో ఇంకా ఎగిరాడు, కొట్టాల్సినవి కొట్టాడు, పతకం కూడా ఇచ్చారు. ఆ పతకం దేనికిచ్చారో ఎవరైనా అడిగితే ఆయన చెప్పగలడు. కాని తన జీవితంలో గొప్పగా చేసింది ఏమిటని అడిగితే మాత్రం చెయ్యనిదే గుర్తొస్తుంది.

"నాకు నిద్ర పడుతుంది కొండన్నా. యాభైనాలుగేళ్ళుగా రాత్రి పడుకుంటే నిద్ర పడుతుంది. ఆ మీట నొక్కి ఉంటే పట్టేదా? నేను మనిషిగా మిగిలానంటే, పెళ్ళి చేసుకుని పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోగలిగానంటే, అది నీ పుణ్యం. నా స్క్వాడ్రన్‌లో చేరిన ప్రతి పిల్లాడికీ మొదటిరోజు చెప్పేవాణ్ణి, చూసింది నోటితో అనండి, ఏ భాషలోనైనా సరే అనండి అని. ఎవరు నేర్పారు సార్ అని అడిగేవారు. మా ఊరి ఫైర్‌మేన్ అనేవాణ్ణి. పేరు చెప్పేవాణ్ణి. నీ పేరు తెలిసిన పైలట్లు ఈ దేశంలో ఎంతమంది ఉన్నారో నీకు తెలీదు. ఆలస్యంగా వచ్చాను. తప్పు నాది. నీకు దండం పెట్టడానికి వచ్చాను, పెట్టనియ్యి."

ఆయన నిజంగానే వంగి ఆ ముసలి పాదాలు పట్టుకున్నాడు. అప్పలకొండ కాళ్ళు వెనక్కి లాక్కోబోయి లాక్కోలేదు. కన్నీళ్ళు తుడుచుకోకుండా అలాగే కూర్చున్నాడు. కొంతసేపటికి, "పిల్లలు సాలామందున్నారా ఆ బండిలో?" అని అడిగాడు.

"సాలామంది."

"అలగైతే మంచిదే," అన్నాడు ముసలాయన. "మంచిదే మరి."

సౌభాగ్య పెరట్లోనే పీటలు వేసి వడ్డించింది. అన్నం, పప్పు, చివరికి గిన్నె మూత తీస్తే ఎండు నెత్తళ్ళ కూర. సూర్యం ముసలాయన వైపు చూశాడు, ముసలాయన సూర్యం వైపు చూశాడు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక సౌభాగ్య ఉప్పు ఎక్కువైందేమోనని కంగారుపడింది. అప్పలకొండ తన కంచంలోని ముక్కలన్నీ ఏరి సూర్యం కంచంలో వేశాడు. "నువ్వు తిను. నాకు ఈ కూర అచ్చిరాదు," అన్నాడు. వెలిసిపోయిన గొంతులో పాత వేళాకోళం కాస్త తిరిగొచ్చింది. బాబుగారు, తమరు అనేవి ఎప్పుడు జారిపోయాయో ఇద్దరూ గమనించలేదు.

మూడు దాటింది. దూరాన కూత వినబడింది. "మా పిల్ల బండి," అన్నాడు అప్పలకొండ. "రాయ్‌గఢ్ వైపు గూడ్సు. రోజూ ఈ ఏలకి ఇక్కడ కూకుంటాను. బండి సప్పుడు తెలుస్తాది. సిగ్నలు కనపడదు, కళ్ళు పోనాయి. దానికి దారిచ్చినారో నేదో తెలీదు, అదొకటే బెంగ."

పెరటి గోడ దాటితే పట్టాలు, పట్టాల పక్కన సిగ్నలు స్తంభం. సూర్యం లేచి గోడ దగ్గర నిలబడ్డాడు. డెబ్భైయేడేళ్ళ కళ్ళే గాని ఇంకా నమ్మకమైన కళ్ళు. చెయ్యెత్తి, గొంతు సవరించుకుని, కేక పెట్టాడు.

"ఎల్లో!"

వెనక మంచం మీద చప్పుడు లేదు. ముప్ఫైఆరేళ్ళుగా ఆ నోరు ఏ సిగ్నలుకూ తెరుచుకోలేదు. సూర్యం వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆ మనిషి సిగ్గుపడతాడని తెలుసు. మళ్ళీ పిలిచాడు, ఈసారి షెడ్డు దాకా వినబడేలా.

"ఎల్లో!"

"ఎల్లో..." అన్నాడు అప్పలకొండ. ఒకసారి దగ్గి, మళ్ళీ అన్నాడు, గట్టిగా. "ఎల్లో!"

సౌభాగ్య ఎంగిలి కంచాలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది. తండ్రి గొంతు ఆ ఎత్తున ఆమె చిన్నప్పుడెప్పుడో విన్నది. సూర్యం ఆమె ముఖం చూసి ఒక్క క్షణం సిగ్నలు మీదినుంచి చూపు మళ్ళించాడు. ఇంజను గోడదాకా వచ్చేసింది. కిటికీలో శ్వేత, చెయ్యి ఎత్తి ముందుకు చూపిస్తూ, నోరంతా తెరిచి ఏదో అంటోంది. సూర్యం గభాలున అటు తిరిగాడు. దీపం ఎప్పుడో పచ్చగా మారిపోయింది.

"గ్రీన్!"

"గ్రీన్!" అన్నాడు అప్పలకొండ వెంటనే. బండి పోతోంది, వ్యాగన్ల వెనక వ్యాగన్లు, ఒక్కదానికీ కిటికీ లేదు. మంచం మీదినుంచి ముసలాయన కర్రతో నేలను కొట్టాడు. "ఒరే సూర్యం! బండి ముందే జోరందుకున్నాది. రంగు మారినంతనే సెప్పాలని సెప్పినానా నేదా? ఆలీసం సేసినావు."

ఒక కమాండంతా నడిపిన మనిషి గోడ దగ్గర బుద్ధిగా నిలబడి తల వంచాడు.

"తప్పయిపోనాది, కొండన్నా," అన్నాడు.